మూడు రోజుల మేడ

"ఆడికృత్తిక వస్తా ఉంది, మిద్దిపైన రూములు కడిగి పెట్టు" అన్నాడు మా ఆయన సుభాష్, కాఫీ గ్లాసు కింద పెడుతూ. పండుగకు ఇంకా రెండు నెలలుంది. అయినా చీపురు తీసుకున్నాను. మా ఇంట్లో ఆ మేడకు జరిగినంత సేవ మా ఇద్దరి పెళ్లిఫోటోకు కూడా జరగలేదు.

తిరుత్తణిలో మురుగన్ కొండకు పోయే దారిలోనే మా ఇల్లు. కృత్తికకు కావడి మోసేవాళ్లంతా మా వాకిలి ముందు నుంచే పోతారు. అందుకని ఏటా పాండూరు నుంచి, ఆరణి నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మా ఆయన వైపు చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. వాళ్లకు ఇరుకుగా ఉందని ఆయన బ్యాంకులో లోను తీసి పైన రెండు రూములు, హాలు, పెద్ద బాత్‌రూమ్ కట్టించాడు. మూడు రోజులు చుట్టాలుంటారు, మిగతా ఏడాదంతా తాళముంటుంది. ఆ తాళంచెవి మా అత్త వజ్రమ్మ నడుముకు వేలాడుతుంటుంది. వారానికోసారి నేను అడిగి తీసుకుని, ఊడ్చి, తుడిచి, మళ్లీ ఆమెకే ఇస్తాను. మనిషే లేని చోట అంత దుమ్ము ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ ఇంటికి వచ్చి పదిహేడేళ్లు. కృత్తిక నాడు నేను కొండ ఎక్కింది లేదు. వంటింటి కిటికీలోంచి కావడుల పైన నెమలి ఈకలు మాత్రం ఊగుతూ పోతుంటాయి. వాటిని మోసేవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో చూడలేదు. పులిహోర కలుపుతూ ఒక చెవి మేళానికిస్తాను, ఇంకో చెవి ‘ఇంకొంచెం సాంబారు’ అనే కేకకు. "మా ప్రియ చేతి వంట తినాలంటే కృత్తికకు రావాల" అని మా ఆయన అందరి ముందూ అంటాడు. అదే నాకు కూలి. మొదట్లో ఆ మాటకు పొంగిపోయేదాన్ని కూడా, సిగ్గు లేకుండా.

లోను తీసేటప్పుడు ఆయన జీతం ఒక్కటే చాలదన్నారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. అప్పుడు నా జీతం కాగితాలను ఆయనే ఎంతో భద్రంగా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పోయాడు. నా చేతా సంతకం పెట్టించాడు. లోను చేతికొచ్చిన మర్నాటి నుంచి అదే జీతం ‘దాని కూరగాయల డబ్బు’ అయిపోయింది.

ఈ మధ్య ఆయన పనిచేసే కంపెనీలో ఓవర్‌టైమ్ ఆపేశారు. వాయిదాలు తప్పాయి. బ్యాంకు నుంచి ఫోనొస్తే ఆయన తీయడు. వీధిలో తెలియని బండి ఆగితే చాలు, నీళ్ల ట్యాంకు చూసొస్తానని మిద్దె ఎక్కేస్తాడు. మా వీధిలో అంత శ్రద్ధగా చూసుకున్న ట్యాంకు ఇంకొకటి ఉండదు.

ఆ రోజూ అంతే. నేను చీపురుతో మెట్ల మీద ఉండగా బండి చప్పుడైంది. ఆయన నన్ను దాటుకుని ట్యాంకు దగ్గరకు పోయాడు. వచ్చింది బ్యాంకు మనిషి తణికైవేల్. పాపం మర్యాదస్తుడు, గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు. మా ఆయన పేరు మీద ఒక కవరు, నా పేరు మీద ఒక కవరు ఇచ్చాడు. అరవై రోజుల్లో బాకీకి దారి చూపించకపోతే ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుంటుందని, ఆ కాగితం గోడకు అంటిస్తారని నేల చూపులు చూస్తూ చెప్పాడు. "అంతదాకా రానీయకండి మేడమ్. ఒకసారి బ్యాంకుకు రండి, మాట్లాడండి" అన్నాడు. చీపురు చంకలో పెట్టుకునే సంతకం చేశాను.

బండి పోయాక మా ఆయన దిగి వచ్చి, ఎందుకు సంతకం పెట్టినావని నన్నే అడిగాడు. ఆయన దగ్గర రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, వడ్డీవ్యాపారి సెల్వం దగ్గర తెచ్చి బ్యాంకుకు కట్టడం. సెల్వం వడ్డీ ముందు బ్యాంకు వడ్డీ చంటిపిల్ల. రెండోది, గుండు కొట్టించుకుంటానని మొక్కుకోవడం. మురుగన్ చూసుకుంటాడట. దేవుడికి పన్నెండు చేతులుంటే మాత్రం, బ్యాంకులో సంతకాలు మేమిద్దరమే కదా పెట్టాలి?

మర్నాడు సెలవు పెట్టాను. ‘ఇలాంటి పనులకు మీ ఆయన పోకూడదా’ అని హెడ్‌మిస్ట్రెస్ మూతి ముడిచింది. పోకూడదని కాదు, ట్యాంకు దగ్గర తీరిక లేదు అనాలనిపించింది. బ్యాంకున్న తిరువళ్లూరుకు రైలెక్కాను. తిరువాలంగాడు దాటేవరకూ ఏం మాట్లాడాలో లోపల అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత కిటికీ పక్కన సీటు దొరికింది. ఎవరికీ ఏమీ వడ్డించకుండా కూర్చుని ఎంత కాలమైందో అనిపించి, అంత దిగుల్లోనూ హాయిగా ఉండింది.

మేనేజరు పేరు మధుమిత, నాకంటే చిన్నది. తమిళంలో మాట్లాడింది. మీ ఇల్లు తీసుకుని మేమేం చేసుకుంటాం, మాకు కావలసింది వాయిదాలు, వచ్చి అడిగినవాళ్లకు దారి ఉంటుంది, ఫోను తీయనివాళ్లకే నోటీసు పోతుంది అంది. గడువు పొడిగిస్తే నెలవాయిదా తగ్గుతుందట. పడిన బాకీలో కొంత ముందుగా కట్టాలట. నెలనెలా ఇంకాస్త రాబడి చూపించాలట. ఇంట్లో బాడుగకు ఇచ్చే చోటేమైనా ఉందా అని అడిగింది.

మేడ ఉందన్నాను. అందులో ఎవరున్నారంది. ఎవరూ లేరు, కృత్తికకు మూడు రోజులు మా ఆయన చుట్టాలుంటారు అన్నాను.

ఆమె కళ్లద్దాలు తీసింది. "మూడు రోజుల చుట్టాలకు మీరు నెలనెలా వాయిదా కడుతున్నారా అక్కా?"

నాకు ఆపుకోలేని నవ్వు వచ్చింది. ఆమె కూడా నవ్వింది. బ్యాంకులో అప్పు గురించి అంతగా నవ్విన మనుషులు మేమేనేమో. నవ్వు ఆగాక మాత్రం కళ్లల్లో నీళ్లు నిలిచాయి. నేను వారం వారం తుడిచింది దుమ్ము కాదు, మా అప్పునే.

ఇంటికి వచ్చేసరికి మేడ బాడుగకుందన్న సంగతి ఊళ్లో నలుగురి చెవినా వేసేశాను. గవర్నమెంటు ఆసుపత్రి నర్సులు ఇద్దరు ఇల్లు వెతుకుతున్నారని మా స్కూలు ఆయా చెప్పింది. వాళ్లలో సౌమ్య అనే అమ్మాయి వస్తే, ఊడ్చే వంకతో తాళంచెవి తీసుకుని మేడ చూపించాను. ఆ అమ్మాయి పెద్ద బాత్‌రూమ్‌కే మనసు పారేసుకుంది. అడ్వాన్సు ఇస్తానంది. అది బ్యాంకులో ముందు కట్టవలసినదానికి సరిపోతుంది. ఇక కావలసింది మా ఆయన సంతకం, అత్త నడుము దగ్గరి తాళంచెవి.

ఆ సాయంత్రం ఆయన ఇల్లంతా తిరిగాడు. మేడ బాడుగకిస్తే కృత్తికకు మా వాళ్లు యాడుంటారు, నలుగురికీ తెలిస్తే తల యాడ పెట్టుకునేది, ఆడది బ్యాంకుకు పోయి అడుక్కొచ్చిందంటే ఏమనుకుంటారు. ఇన్ని అడిగాడు గాని, సంతకం పెట్టకపోతే ఏమవుతుందని మాత్రం అడగలేదు. నేనే చెప్పాను. "అరవై దినాలు సరిగ్గా కృత్తిక వారానికే తీరతాయి బావా. అప్పుడు మన గోడకు కాగితం అంటిస్తారు. కావడి మోసేవాళ్లు నలుగురు కాదు గదా."

ఆయన గోడ వైపు చూశాడు. తర్వాత వాళ్లమ్మ వైపు చూసి, నువ్వన్నా చెప్పమ్మా అన్నాడు.

మా అత్త చిక్కుడుకాయలు వలుస్తోంది. పదిహేడేళ్లలో ఆమె నా వైపు మాట్లాడింది తక్కువ. వలవడం ఆపి నడుము తడుముకుంది. "నేనీ ఇంటికొచ్చినప్పట్నుంచి కృత్తిక మేళం వొంటింట్లోంచి ఇనిందే గానీ, కొండెక్కి చూసింది లేదురా" అంది. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది. నా వెనక ఇంకో పదిహేడేళ్లు, ఇంకా ఎక్కువే, అదే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాయని అప్పటిదాకా నేను అనుకోనే లేదు. ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ ఆమె ఒడిలో పళ్లెముంది.

మా ఆయన సంతకం పెట్టాడు. పెట్టేముందు పెన్ను సరిగ్గా రాయడం లేదని రెండుసార్లు విదిలించాడు, అంతే.

నర్సులు చేరారు. మధుమిత పైవాళ్లకు రాసింది. గడువు పెరిగింది, వాయిదా తగ్గింది, నోటీసు వెనక్కి పోయింది. తణికైవేల్ ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు, అలవాటు కొద్దీ మా ఆయన ట్యాంకు దగ్గరకు పోబోయి, పైన ఆడపిల్లలున్నారని గుర్తొచ్చి ఆగిపోయాడు. మొదటిసారి ఆయనే తణికైవేల్‌కు కాఫీ ఇచ్చాడు. పెట్టింది నేననుకోండి.

చుట్టాలకు చెప్పడం మిగిలింది. ఆరణిలో ఉన్న మా పెద్ద ఆడబిడ్డ కాంచన ఎప్పటిలాగే ముందుగా ఫోన్ చేసింది. మా ఆయన నీళ్లు నములుతుంటే ఫోను నేను తీసుకున్నాను. వాయిదాలు తప్పినాము, మేడ బాడుగకిచ్చినాము, ఈసారి పండుకునే చోటు లేదు, ఒక పూట భోంచేసి పోండి వదినా అని ఏదీ దాచకుండా చెప్పేశాను.

కాంచన అంది, "ముందే చెప్పకూడదా ప్రియా? మేము రాకపోతే తమ్ముడు నొచ్చుకుంటాడనే కదా ఏటా వస్తా ఉండాము. ఒక దినంలో పొయ్యొచ్చే కొండకి మూడు దినాలు ఎవురుంటారు?"

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. మాకోసం వాళ్లు వచ్చారు, వాళ్లకోసం మేము వండాము, అందరికోసం బ్యాంకు మేడ కట్టించింది. ఇందులో ఎవరికీ ఏదీ అక్కరలేదు. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే పదిహేడేళ్ల కిందటే చెప్పేదాన్ని.

కృత్తిక నాడు పొద్దున్నే మా అత్త పసుపుపచ్చ చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. నేనూ తలకు పోసుకుని వచ్చాను. వంట ఎవరు చేస్తారని మా ఆయన అడిగాడు. కూరగాయలు తరిగి పెట్టాను, మీ అక్కే కదా వచ్చేది, నువ్వే వండు అన్నాను.

దారంతా జనం. కావడి మోసేవాళ్ల మొహాలు చూశాను. చెమట, విభూతి, అలసట. అయినా ఒక్కరూ దించి కూర్చోవడం లేదు. అత్త నా చేయి పట్టుకుని, ప్రతి మలుపులోనూ ఆగి, చిన్నపిల్లలా తలెత్తి చూస్తూ ఎక్కింది. పైకి చేరాక కిందికి చూశాం. ఆ ఇళ్ల మధ్య మా ఇంటిని ఆమే ముందు పోల్చింది. మిద్దె మీద సౌమ్య వాళ్ల తెల్ల యూనిఫారాలు ఆరుతున్నాయి.

అప్పుడే ఫోను మోగింది. మా ఆయన. వెనకాల కుక్కరు కూస్తోంది.

"సాంబార్ పొడి యాడ పెట్టినావు?"

ఆ వంటింట్లో ఏది ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నోటిదాకా వచ్చింది కూడా. అత్త నా మొహంలోకి చూస్తోంది. కింద మా ఇల్లు ఎండలో నిలబడి ఉంది.

"యాడికీ పోలేదు బావా, ఇంట్లోనే ఉంది. ఇల్లు కూడా యాడికీ పోలేదు. నిదానంగా ఎతుక్కో" అన్నాను.