బియ్యం నమిలిన శుక్రవారం

ఆ వేసవిలో ఏలూరులో, తమ్మిలేరు పక్కనున్న మా వీధిలో దొంగలకన్నా దొంగల కథలే ఎక్కువ తిరిగేవి. పోయినవి చూస్తే ఒక ఇత్తడి చెంబూ, ఆరేసిన పంచే, ఎవరిదో కోడిపెట్టా. నోటినుంచి నోటికి వెళ్లేసరికి పంచె పట్టుపంచె అయింది, కోడిపెట్ట పాడి ఆవు అయింది. మా పక్కింటి పాండురంగారావు పడుకుని ఉండగానే ఆయన్ని లేపకుండా కిందున్న దుప్పటి లాగేశారని నేనన్నాను. ఆ మాట ఆకివీడు దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి, ఆయన్ని మంచంతో సహా మోసుకెళ్లి కొల్లేటి మధ్య దింపేశారనీ, కొంగలు అరిస్తే మెలకువొచ్చిందనీ అయింది. పాండురంగారావు కాదనలేదు. పాపం, ఆయన జన్మలో అంతకన్నా దూరప్రయాణం లేదు.

అయినా ఎన్నాళ్లని నవ్వుతాం? గచ్చుమీద పిల్లి దూకినా వీధంతా లేచేది. పగలు ఎవర్ని చూసినా ఆవలింతలే. హెడ్డు కానిస్టేబు వచ్చి, మజ్జిగ తాగి, "కాస్త మెలకువగా ఉండండి" అని చెప్పి వెళ్లాడు. మెలకువగా ఉండలేకే కదా ఆయన్ని పిలిచింది!

చివరికి బియ్యం కొట్టు జగ్గారావు అందర్నీ ఒప్పించి ఒక కాపలావాణ్ణి పెట్టాడు. పేరు దేవదానం. కొల్లేటి లంకలోవాడు, వరుసగా వరదలొచ్చి చేను మునిగితే భార్య దానమ్మతో ఏలూరు చేరాడు. మెతక మనిషి. చేతికర్రతో ఇంటింటికీ తిరిగి గడియలు లాగి చూసేవాడు. అతనొచ్చాక మా వీధి కాస్త కునుకు తీసింది.

ఆ కునుకులోనే పాపాయమ్మ రాగిబిందె పోయింది.

పాపాయమ్మ మా ఎదురింటి విధవావిడ. ఆ బిందె వాళ్లమ్మ ఇచ్చింది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. గుమ్మంలో చతికిలపడి, "ఇంక నావల్ల కాదు తాతగారూ" అంది నాతో, అంతే.

జగ్గారావు మాత్రం ఊరుకోలేదు. "కాపలా ఉండగా పోయిందంటే అర్థమేవిటండీ? కంచే చేను మేసిందన్నమాట. రేపు శుక్రవారం. అమ్మవారి దగ్గర పెట్టిన బియ్యం నమిలిద్దాం. దొంగైతే భయానికి నోరెండిపోయి పొడిపిండి ఉమ్ముతాడు, దొర అయితే తడిపిండి."

మా వైపు పాత అలవాటే అది. ఎవరూ వద్దనలేదు. వద్దనడానికి కూడా ఓపిక ఉండాలిగా.

మర్నాడు పొద్దెక్కాక మా అరుగుముందు చేరారు. ఎండ అప్పటికే నిప్పులు చెరుగుతోంది. పక్షపాతం లేదని చూపించడానికి జగ్గారావే ముందు నమిలాడు. పొద్దుట్నుంచీ తాంబూలం నలుగుతున్న నోరది, అందులో ఇటుకరాయి వేసినా నాని వస్తుంది. పాలవాడు నమిలాడు. వాడు అప్పుడే గంజి తాగి వచ్చాడు. వాడిదీ తడే.

"నేనూ నమలనా?" అన్నాను.

"మీకు పళ్లేవండీ తాతగారూ?"

"అయితే పళ్లూడినవాళ్లందరం దొరలమేనన్నమాట! ముందే చెబితే ఈపాటికి రెండు బిందెలు సంపాదించేవాణ్ణి కదయ్యా."

ఎవరూ నవ్వలేదు. దేవదానం వంతు వచ్చింది. గుప్పిట్లో బియ్యం పట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ వద్దు బాబూ. రేపు నములుతానండి."

"ఏం, ఇవాళేవొచ్చింది? తప్పు లేనివాడివైతే నమలరా!"

దేవదానం మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. ఇక్కడ దొంగన్న పేరు పడితే ఇంకే గుమ్మం ముందూ కాపలాకి నిలబడనివ్వరు. కళ్లు మూసుకుని పెదవులు కదిపి, బియ్యం నోట్లో వేసుకున్నాడు. నమిలాడు, నమిలాడు. ఉమ్మితే సున్నంలా పొడి రాలింది.

"చూశారా!" అన్నాడు జగ్గారావు.

అప్పుడే దానమ్మ మొగుణ్ణి వెతుక్కుంటూ, తెల్లచీర కట్టుకుని వచ్చింది. నేలమీది పిండి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అయ్యో, బియ్యం తినిపించేశారా? ఇవాళ మంచి శుక్రవారం కదండీ! ప్రభువు సిలువెక్కిన రోజు. గుళ్లో ఆరాధన అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టం. రాత్రినుంచి ఈయన నోట్లో చుక్క పడలేదండీ!"

మాలో ఏ ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. రోజూ మా గడియలు చూసే మనిషి ఏ రోజు పస్తుంటాడో మేం అడిగిందెప్పుడు?

"మరి చెప్పొచ్చు కదరా?" జగ్గారావు గొణిగాడు.

"చెబితే సాకంటారు బాబూ. నమిలితే ఉపాసం పోతది, నమలకపోతే పేరు పోతది. పేరైనా దక్కుద్దనుకున్నానండి. రెండూ పోయినియ్."

"సరే, పోనీ. సోమవారం కడుపునిండా తిని రా. మళ్లీ నములుదువు" అన్నాడు జగ్గారావు.

అంతవరకూ మూలన కూర్చున్న పాపాయమ్మ లేచింది. పళ్లెంలోంచి గుప్పెడు బియ్యం తీసి నోట్లో పోసుకుంది. మేం చూస్తుండగా కసాబిసా నమిలి, జగ్గారావు కాళ్లముందు ఉమ్మింది. పొడిపొడిగా రాలింది.

"బిందె పోయిన దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగట్లేదు. నా బిందె నేనే ఎత్తుకుపోయానా, జగ్గారావూ?"

జగ్గారావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "సరేనండీ, వదిలేద్దాం. ఒరే దేవదానం, పనిలో ఉండు."

"అందరిముందూ ఉమ్మించారు. అందరిముందూ చెప్పండి బాబూ."

"నువ్వు దొంగవి కాదులే" అన్నాడు జగ్గారావు, నేల చూస్తూ.

"నేలకి కాదండి. నాకు చెప్పండి."

జగ్గారావు తలెత్తాడు. "నువ్వు దొంగవి కాదు, దేవదానం."

"చాలండి." దేవదానం తన చేతికర్ర మా అరుగుమీద పెట్టాడు. "తాడేపల్లిగూడెంలో మిల్లు గేటుకి మనిషి కావాలంటున్నారు. ఈ మాట ఇంతమంది విన్నారు కాబట్టి ధైర్యంగా వెళ్లి అడుగుతానండి."

"ఇక్కడే ఉండు నాయనా," అంది పాపాయమ్మ. "నేనడుగుతున్నాను."

"మీరు మంచోరమ్మా. కానీ రేపు ఇంకో చెంబు పోతే మళ్లీ నా నోరే చూస్తారు. రోజూ తడి చూపించలేనండి."

వాళ్ల గుళ్లో గంట మోగింది. మొగుడూ పెళ్లాలూ ఎండలో పడి అటు నడిచారు. "విరిగిన ఉపాసమైనా సాయంత్రందాకా లాగుతాను" అని ఆమెతో అనడం వినపడింది.

మేం నీడకోసం గోడవార జరిగాం. చాలాసేపు ఎవరూ ఇళ్లకు పోలేదు. ఆఖరికి పాండురంగారావు ఆవలించి, "ఇంతకీ ఇవాళ కాపలా ఎవరండీ?" అన్నాడు.

జగ్గారావు అరుగుదాకా వచ్చి కర్ర చేతిలోకి తీసుకున్నాడు.