మొదటి చాయ్ ఎవరికి

కువైట్‌లో, ఎగైలా దగ్గరి ఆ పోలీస్ స్టేషన్‌కు కొత్త అధికారి వచ్చిన రోజే అందర్నీ పిలిపించాడు, చాయ్ పోసే తెలుగు మనిషి అబ్దుల్ ఖుద్దూస్‌తో సహా.

"గడప దాటి వచ్చినవాళ్ల మాట ముందు వినాలి. ఆ తర్వాతే ఇంకెవరికైనా ఫోన్. రాగానే చాయ్ ఇవ్వండి, టైము రాయండి," అంటూ ఒక పుస్తకం ఖుద్దూస్ చేతిలో పెట్టాడు. "వచ్చినవాళ్లను అందరికన్నా ముందు చూసేది నువ్వే."

"ఇంక నీకు సెల్యూట్ కొట్టాలేమో!" అన్నాడు డ్యూటీ సార్జెంట్.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం రెండూ నలభైకి ఒకామె లోపలికి వచ్చింది. ఒక కాలికే చెప్పు. ఒంటినిండా గొర్రెల వాసన.

"ఏ ఊరమ్మా?" చాయ్ అందిస్తూ అడిగాడు ఖుద్దూస్.

"రాయచోటి కాడ అన్నా. వెంకటేశ్వరి నా పేరు. ఇంటి పనికని తెచ్చి కబ్ద్ ఎడారిలో గొర్రెల కాడ పెట్టినారు. ఆర్నెల్లాయ. మళ్లా ఆడికి పంపొద్దని చెప్పన్నా."

ఖుద్దూస్ టైము రాశాడు. సార్జెంట్ మాత్రం ఆమె కార్డు చూసి నేరుగా ఆమెను పనికి తెచ్చుకున్న యజమానికి, కఫీల్‌కు, ఫోన్ చేశాడు. అరగంటలో కఫీల్ వచ్చాడు. ఇద్దరూ ముక్కులు తాకించుకుని పలకరించుకున్నారు. కఫీల్‌కూ చాయ్ ఇచ్చి, ఖుద్దూస్ ఆ టైమూ రాశాడు: మూడూ పది.

పనిమనిషి పారిపోయిందని కఫీల్ ఫిర్యాదు. ఆమె రాకముందే ఇచ్చినట్టు, సార్జెంట్ దాని మీద రెండున్నర అని టైము వేశాడు. పరారీ కేసు ముందు పడితే ఇక ఆమె గోడు వినేవాళ్లుండరు.

"ఆమె వచ్చిన పేజీ చించెయ్," అన్నాడు సార్జెంట్ మెల్లగా. "లేకపోతే నిన్నిక్కడ పనికి పెట్టిన కంపెనీకి ఒక్క ఫోన్. నీ ఇఖామా ఖలాస్, దేశం వదిలి పోవాల్సిందే."

పద్నాలుగేళ్ల ఉద్యోగం. వెంకటేశ్వరి చాయ్ తాగకుండా, గ్లాసు రెండు చేతులా పట్టుకుని అతన్నే చూస్తోంది.

మూడున్నర. అధికారి చాయ్ వేళ. ఖుద్దూస్ ట్రే సర్ది, సాసర్ బదులు ఆ పుస్తకం తెరిచి, దాని మీద గ్లాసు పెట్టి తీసుకెళ్లాడు.

అధికారి గ్లాసు ఎత్తి, పేజీ చదివి, బయటికొచ్చి ఫిర్యాదు కాగితం అందుకున్నాడు.

"ఈయన రెండున్నరకే ఫిర్యాదు ఇచ్చాడా? మరి మూడూ పదిదాకా చాయ్ ఇవ్వకుండా కూర్చోబెట్టారా?"

అధికారి ఒక తెల్లకాగితం సార్జెంట్ ముందుకు తోశాడు.

"ముందు ఈమె మాట రాయి. కబ్ద్‌కు జీపు పంపండి. ఖుద్దూస్, ఈమె చెప్పేది నువ్వు అరబీలో చెప్పు."

రేపు కంపెనీకి ఫోన్ పోతే పోనీ అనుకున్నాడు ఖుద్దూస్. ఆ స్టేషన్‌లో మొట్టమొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పమ్మా, మొదట్నుంచీ నిదానంగా చెప్పు. ఈ సారు రాసుకుంటాడు."