అరగంటే కదా, అత్తయ్యా

అద్దం నిండా పొగమంచు.

తెల్లగా... దట్టంగా... కదలకుండా.

అవతల విమానం ఉందంటే ఉందనుకోవాలి. తోక కొస మాత్రం కాసేపు కనబడుతుంది. కాసేపటికి అదీ కనబడదు. పొద్దున్న ఏడింటికి ఎగరాల్సిన విమానం అది. ఇప్పుడు పదకొండు.

అద్దం ముందు చక్రాల కుర్చీ.

కుర్చీలో అత్తయ్య. పక్కన నిలబడి కోడలు.

అత్తయ్య కాళ్ళకు కొత్త బూట్లు. తెల్లవి. కుర్చీకి కింద కాళ్ళు పెట్టుకునే రేకు ఉంటుంది కదా, దాని మీద రెండూ పక్కపక్కనే పెట్టుకుని కూర్చుంది. నేల తగలని బూట్లు. మడమ దగ్గర అంటించిన ధర చీటీ గుర్తు ఇంకా చెరగలేదు.

ఆ కాళ్ళకు ఏ జబ్బూ లేదు.

ఆ సంగతి ఈ హాలు మొత్తంలో ఇద్దరికే తెలుసు.

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి ఆవిడ. కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు, పట్టుకోకుండా నడిచిన మనిషి. గతుకుల్లో నిలబడే టిక్కెట్లు చింపింది. నిలబడే ఫ్లాస్కులో టీ తాగింది. కండక్టరు సీటంటూ ఒకటి ఉండేది గానీ, అందులో ఎప్పుడూ ఏ బాలింతో, ఏ ముసలాయనో ఉండేవారు. రిటైరైన రోజు వాళ్ళ డిపో వాళ్ళు సన్మానం చేసి కుర్చీ వేస్తే, ఎంతసేపు కూర్చోవాలయ్యా అని అడిగిందట.

ఈ సెలవు ప్రయాణం ఆవిడ ముచ్చట.

ఎక్కడో కొండల మధ్య జలపాతం. దాని దాకా నాలుగు వందల మెట్లు. ఫోటో చూసిన రోజు నుంచి మేడ మీద నడక మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే అరవై సార్లు అటూ ఇటూ. కొడుకు ఆఫీసు పని మీద రెండు రోజుల ముందే వెళ్ళాడు. ఇప్పుడు అత్తా కోడళ్ళు వెళ్ళి అతన్ని కలుసుకోవాలి. ఒక విమానం ఐదు గంటలు. దిగి మరొకటి, అది ఆరు. విమానం ఎక్కడం ఆవిడకు ఇదే మొదటిసారి.

విమానం దాకా నడిచి వెళ్ళాలని ఆవిడకు ఎంత ఆశ...

చెప్పింది కూడా. ఒకటికి పదిసార్లు చెప్పింది.

కోడలు బళ్ళో డ్రిల్లు టీచరు. మెడలో విజిలు. నీళ్ళ కుళాయి దగ్గర లైను తప్పించి మధ్యలో దూరిన పిల్లలకు గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు. దూరలేదని అబద్ధం చెబితే ఐదు. ఆమె విజిలు వింటే హెడ్మాస్టరు కూడా తెలియకుండానే సర్దుకుని నిలబడతాడని స్టాఫ్ రూములో వేళాకోళం.

ఆ స్టాఫ్ రూములోనే లెక్కల టీచరు చెప్పింది.

"పెద్దవాళ్ళున్నారుగా, వీల్‌చైర్ పెట్టించేయండి టీచర్. అందరూ చేసేదే. ఒక్క లైనులోనూ నిలబడక్కర్లేదు. పక్కనున్నారు కాబట్టి మీక్కూడా తప్పుతుంది."

మీక్కూడా తప్పుతుంది.

టిక్కెట్లు తీసుకునేటప్పుడు తెర మీద ఒక చిన్న గడి. అందులో వేలితో ఒక్క నొక్కు. అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యకు అసలే చెప్పలేదు. విమానాశ్రయం గుమ్మం దగ్గర నీలం కోటు వేసుకున్న అమ్మాయి కుర్చీ తోసుకుంటూ ఎదురొచ్చినప్పుడే ఆవిడకు తెలిసింది.

"నాకెందుకే ఇది?"

"లైన్లు చాలా పెద్దవి అత్తయ్యా. అరగంటే కదా... కూర్చోండి."

అత్తయ్య కోడలి ముఖంలోకి చూసింది. పరాయి పిల్ల ముందు ఇంటి మనిషిని కాదనడం ఆవిడకు చేతకాదు.

కూర్చుంది.

లైన్లు నిజంగానే పెద్దవి. చంటిపిల్లలను ఎత్తుకున్న వాళ్ళు, సూట్‌కేసుల మీద కునుకు తీస్తున్న వాళ్ళు, అందరూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఎవరో ఒకాయన, పాపం, అన్నాడు. కుర్చీ వెనక కోడలు బ్యాగులతో గబగబా నడిచింది. సంబరంగానే నడిచింది. అబద్ధం ఎందుకు, అప్పుడు ఆమెకు సంబరంగానే ఉంది.

ఆ తర్వాత పొగమంచు దిగింది.

ఎనిమిదన్నారు. తొమ్మిదిన్నరన్నారు. ఆపైన ఏమీ అనడం మానేశారు. బోర్డు మీద అక్షరాలు ఎర్రబడి అలాగే ఉండిపోయాయి.

అరగంట గంటైంది. గంట ఆరైంది.

కుర్చీలోంచి లేవడానికి వీల్లేదు. చుట్టూ జనం. లేస్తే అందరూ చూస్తారు. అన్నిటికీ మించి నీలం కోటు అమ్మాయి... పాతికేళ్ళు కూడా ఉండవు. బొటనవేలికి ప్లాస్టరు. చీకటితోనే డ్యూటీ ఎక్కిందట. ఇంకో ఇద్దరు ముగ్గుర్ని తోసి వచ్చి, మధ్యమధ్యలో ఇటు తొంగి చూస్తోంది.

"అమ్మమ్మా, నీళ్ళు తెచ్చాను. అమ్మమ్మా, నడుం వెనక ఈ దుప్పటి పెట్టుకోండి. లేవకండి, మీకేం కావాలన్నా నేనున్నాగా."

ఒకసారి కోడలి వైపు తిరిగి అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇలా?"

కోడలు ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు. నోరు మాత్రం సిద్ధంగా ఉన్నట్టుంది.

"రెండేళ్ళయింది. మోకాళ్ళు... అరిగిపోయాయి."

"మా అమ్మమ్మకీ అంతేనండీ. చివరికి మంచం మీదే... ఆవిణ్ణి తొయ్యడానికి అప్పుడు కుర్చీ కూడా లేదు మాకు."

అని నవ్వింది ఆ పిల్ల. నవ్వి, వంగి, అత్తయ్య మోకాళ్ళ మీద దుప్పటి సర్దింది. రెండు చేతులతో. మెల్లగా. నొప్పి పుడుతుందేమోనన్నంత మెల్లగా.

కోడలు అద్దం వైపు తిరిగింది.

పొగమంచు. ఎటు చూసినా పొగమంచు.

అత్తయ్య బాత్రూముకు వెళ్ళాలంది. నీలం కోటు అమ్మాయే తలుపు దాకా తోసింది. చెయ్యి పట్టుకుని లేపింది. భుజం ఇచ్చింది. అత్తయ్య ఆ భుజం మీద చెయ్యి వేసి, కుంటుతూ లోపలికి వెళ్ళింది.

కుంటుతూ.

కదిలిన బస్సు వెనక పరిగెత్తి ఫుట్‌బోర్డు అందుకున్న మనిషి... కోడలి మాట నిలబెట్టడానికి కుంటుతోంది.

డ్రిల్లు టీచరుకు కాళ్ళ సంగతి తెలుసు. ఏ పిల్లాడు నిజంగా కుంటుతున్నాడో, ఏ పిల్లాడు ఆట ఎగ్గొట్టడానికి కుంటుతున్నాడో గ్రౌండు ఆ చివర నుంచే చెప్పేస్తుంది. అత్తయ్య వెళ్ళేటప్పుడు కుడికాలు ఈడ్చింది. వచ్చేటప్పుడు ఎడమకాలు ఈడ్చింది.

కుర్చీలో కూర్చున్నాక, ఆ పిల్ల అటు వెళ్ళాక, అత్తయ్య గొంతు తగ్గించి అడిగింది.

"ఏ కాలని చెప్పావే ఆ అమ్మాయితో?"

"మోకాళ్ళన్నాను అత్తయ్యా."

"రెండూనా? ముందే చెప్పొద్దూ!"

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాకా వచ్చి, అక్కడ నవ్వు కాకుండా పోయింది. కళ్ళు మండాయి. అత్తయ్య తిట్టి ఉంటే బాగుండేది. నలుగురిలో నా పరువు తీశావే అని ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది. ఆవిడ అనలేదు. ఆరు గంటలుగా కదలని కాళ్ళను రేకు మీద అటొకసారి ఇటొకసారి సర్దుకుంది. బూట్ల లోపల వేళ్ళు ముడుస్తోంది, చాపుతోంది. పైకి తెలియకుండా, దుప్పటి కింద.

లైను తప్పితే మూడు. అబద్ధానికి ఐదు. రెండో అబద్ధానికి...

ఆమె లెక్క ఆపేసింది.

పన్నెండు దాటింది.

అప్పుడొచ్చారు వాళ్ళిద్దరూ. ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆయన ఎడమపాదం నుంచి మోకాలి దాకా తెల్లటి కట్టు. చంకలో ఒక కర్ర. రెండో పక్క భార్య భుజం. ఆవిడ ఆయన చెవి దాకా కూడా రాదు. అయినా మోస్తోంది.

గేటు దగ్గర కౌంటరులో మనిషితో ఆవిడ ఏదో అడిగింది. అతను చేతులు విప్పి చూపించాడు.

"ఒక్క వీల్‌చైర్ కూడా లేదండీ. మంచు వల్ల ఏ విమానమూ కదల్లేదు కదా, వాటిలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. ఏదైనా ఖాళీ అయితే ముందు మీకే ఇస్తాం."

"మేం పొద్దున్నే రాయించుకున్నామండీ..."

"తెలుసండీ. లేవు."

"సరే లెండి. నేనే నడిపించుకుంటాను."

మామూలు కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. వాటిలో జనం నిద్రపోతున్నారు. పెద్దాయన అద్దం పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ఒక అడుగు. ఆగడం. ఒక అడుగు. ఆగడం. ఆయన అరచెయ్యి పడిన చోటల్లా అద్దం మీద తడి గుర్తు.

ఒక అడుగు. ఆగడం.

వాళ్ళు వస్తున్నది ఇటే.

అత్తయ్య చేతులు కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి. కోడలు చూసింది. చూసి, బోర్డు వైపు తల తిప్పుకుంది. ఎర్ర అక్షరాలను చదివింది. మళ్ళీ చదివింది. అందులో చదవడానికేముంది...

"అమ్మాయ్."

కోడలు తల తిప్పలేదు.

"లేవనా?"

అడిగింది. అరవై మూడేళ్ళ మనిషి, బాగున్న తన కాళ్ళ మీద తను నిలబడడానికి, కోడల్ని అడిగింది.

"ఇప్పుడు లేస్తే... ఆ అమ్మాయి ఏమనుకుంటుంది అత్తయ్యా? అందరూ చూస్తున్నారు. ఇంకాసేపు..."

ఇంకాసేపు. ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది. తన గొంతే. పిల్లలను ఎండలో నిలబెట్టి నిజాయితీ గురించి చెప్పే గొంతే.

పెద్దాయన నాలుగు అడుగుల దూరంలో ఆగిపోయాడు. కర్ర జారింది. భార్య పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక పక్కకు ఒరిగారు.

అత్తయ్య దుప్పటి తీసేసింది.

లేచింది.

కుంటలేదు. తూలలేదు. రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడి, ముప్పై ఒక్క ఏళ్ళ గొంతు ఎత్తింది.

"పెద్దాయనా! ఇటు రండి. ఇక్కడ సీటుంది. కొంచెం జరగండమ్మా, దారివ్వండి, ఆయన్ని రానివ్వండి!"

హాలు హాలంతా తిరిగి చూసింది. నిద్రపోతున్నవాళ్ళు లేచారు. అడ్డంగా కాళ్ళు చాపుకున్నవాళ్ళు ముడుచుకున్నారు. అత్తయ్య నాలుగు అంగల్లో వెళ్ళి పెద్దాయన చంక కింద చెయ్యి వేసి, తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టింది. కట్టు కట్టిన కాలు ఎత్తి రేకు మీద పెట్టింది. కర్ర ఒళ్ళో పెట్టింది.

నీలం కోటు అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా! పడిపోతారు! మీ మోకాళ్ళు..."

"బాగానే ఉన్నాయమ్మా."

"అంటే..."

ఆ పిల్ల అత్తయ్య కాళ్ళ వైపు చూసింది. తెల్ల బూట్ల వైపు చూసింది. కోడలి వైపు చూడబోయింది... అత్తయ్య కాస్త అడ్డం జరిగింది.

"నేనే పెట్టించుకున్నాను. లైన్లో నిలబడ్డానికి బద్ధకమేసింది. మా కోడలు వద్దనే అంది. నేనే వినలేదు."

కోడలు నోరు తెరిచింది.

కాదు. ఒక్క మాట. కాదు, నేను పెట్టించాను. మూడు మాటలు. బళ్ళో మూడో తరగతి పిల్లాడు కూడా చెప్పగలడు. చెప్పి, ఏడ్చి, రౌండ్లు పరిగెత్తి, మధ్యాహ్నానికి మర్చిపోగలడు.

పక్కనెవరో గొణిగారు. ఈ కాలం పెద్దవాళ్ళు కూడా... అన్నారు. ఇంకెవరో ఫోను ఎత్తి ఫోటో తీశారు.

కోడలి నోరు తెరుచుకునే ఉంది.

నీలం కోటు అమ్మాయి కోప్పడలేదు. కింద పడిన దుప్పటి తీసుకుంది. దులిపింది. మడిచింది. ప్లాస్టరు వేసిన బొటనవేలు తగలకుండా కుర్చీ పట్టుకుంది.

"మేడమ్, కొంచెం పక్కకి జరగండి."

అమ్మమ్మ కాదు. మేడమ్.

అత్తయ్య పక్కకు జరిగింది. ఆవిడ ముఖంలో ఏదో ఒక్క క్షణం ఆరిపోయింది. కోడలు అది చూసింది. చూడకుండా ఉండాల్సింది.

మైకులో పిలుపు వచ్చింది.

జనం ఒక్కసారిగా లేచారు. బ్యాగులు, పిల్లలు, దిండ్లు. గేటు నుంచి లైను పాములా సాగి, మలుపు తిరిగి, కాఫీ కొట్టు దాకా వెళ్ళింది. కుర్చీ ముందుకు వెళ్ళిపోయింది. పెద్దాయన వెనక్కి తిరిగి అత్తయ్యకు దండం పెట్టాడు. కుర్చీ తోస్తున్న అమ్మాయి వెనక్కి తిరగలేదు.

అత్తయ్య, కోడలు లైను చివరికి వెళ్ళారు.

చిట్టచివరికి.

"అత్తయ్యా..."

"ఊఁ."

"నేను... ఆ అమ్మాయితో..."

"పోనీలేవే. ఆ పిల్ల నన్ను మళ్ళీ చూస్తుందా ఏమిటి?"

అని, కోడలి చేతిలోంచి పెద్ద బ్యాగు తీసుకుని తన భుజానికి తగిలించుకుంది. కోడలి ముఖం చూసింది. చెంప మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"తెల్లారగట్ల నుంచి నిలబడే ఉన్నావు. కళ్ళు గుంటలు పడ్డాయి చూడు. ఇప్పుడు కుర్చీలన్నీ ఖాళీయేగా. వెళ్ళి కాసేపు కూర్చో. లైన్లో నేనుంటాను. మన వంతు వచ్చాక పిలుస్తాను."

వద్దనాలి. నేనుంటాను, మీరు కూర్చోండి అనాలి.

కాళ్ళు లాగుతున్నాయి. నిజంగానే లాగుతున్నాయి.

అద్దం పక్కన ఖాళీ కుర్చీ. కోడలు వెళ్ళింది.

కూర్చుంది.

అద్దం అవతల పొగమంచు పలచబడుతోంది. విమానం తోక... ఆపైన ఒక రెక్క... మళ్ళీ తెలుపు.

లైను కదిలింది. అత్తయ్య ఒక అడుగు ముందుకు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. కోడలి వైపు తిరిగి, ఇంకా టైముంది, కూర్చో కూర్చో అన్నట్టు చెయ్యి ఊపింది.

కోడలు కూర్చునే ఉంది.