గింజల జట్టు

మల్లేశం పరుగెత్తగా చూసినవాడు, అరబ్బు దేశంలోని ఆ రుస్తాఖ్ క్యాంపులో ఒక్కడూ లేడు. పొద్దున సైటుకు పోయే లారీ హారన్ కొడితే, పైనున్నవాళ్ళు చేతులందించి లాగితే గాని ఎక్కలేని మనిషి. కాని కబడ్డీలో ఎవడి పిక్క ఎలాంటిది, ఎవడి మోకాలు ఎన్నాళ్ళు నిలుస్తుంది అని అడిగితే మాత్రం, పశువుల అంగట్లో దళారిలాగా ఒళ్ళు తడిమి మరీ చెప్పేవాడు. అతని డ్యూటీ స్టోరులో. పొద్దున కిటికీలోంచి పారలు, తట్టలు ఇవ్వాలి, సాయంత్రం తీసుకోవాలి. ఎండలో కాలి వచ్చినవాడు పారను మట్టితో తెస్తే, "కడిగి తేవాలె, కడగకపోతే తీసుకోను" అని వెనక్కి పంపేవాడు. మధ్యలో మిగిలిన పగలంతా నీడలో కుర్చీ వేసుకుని నోరాడించడమే పని.

ఎండలు తగ్గాక రుస్తాఖ్ వాగు ఇసుకలో ప్రతి శుక్రవారం కబడ్డీ జరిగేది. ఆస్పత్రి కట్టే కంపెనీకి ఒక జట్టు, రోడ్డు వేసే కంపెనీకి ఒకటి, నీళ్ళ పైపుల కంపెనీకి ఒకటి. ఆడేవాళ్ళు కొద్దిమందే. మిగిలినవాళ్ళకు ఆడే ఒళ్ళు లేదు, ఊరుకునే నోరు లేదు. అలాంటి వాళ్ళ కోసం మల్లేశం ఒక ఆట కనిపెట్టాడు. ఒక్కో ఆటగాడికి ఒక ఖర్జూరపు గింజ. పెయింటర్ల దగ్గర మిగిలిన రంగుతో గింజ మీద గుర్తు. సీజను మొదలయ్యే ముందు రూముకొకడు చొప్పున కూర్చుని, వంతులవారీగా గింజలు అడిగి తీసుకుని పాలడబ్బాలో దాచుకోవాలి. ఏ కంపెనీ ఆటగాడినైనా అడగవచ్చు. శుక్రవారం వాగులో ఆ మనిషి ఎదుటివాణ్ణి తాకి వస్తే, ఇక్కడ చెక్క మీద అతని గింజ ఒక గీత ముందుకు జరుగుతుంది. సీజను చివర వెనకబడ్డ రూమువాళ్ళు, ముందున్న రూమువాళ్ళ గిన్నెలు మళ్ళీ సీజను దాకా తోమాలి.

గీతలు గీసిన చెక్క ముందు గొంతుకూర్చున్న ఆ పెద్దమనుషులను చూసి తీరాలి. ఇసుకలో పడి మోచేతులు చీరుకునేవాడు ఒకడు. "నా గింజ ఇయ్యాల మూడు గీతలు ఉరికింది" అని మీసం దువ్వేవాడు ఇంకొకడు.

డెబ్బై ఆరో సంవత్సరం సీజనులో గొడవంతా మొదటి కూత గురించి వచ్చింది. జట్టులో అందరికంటే ముందు కూతకు వెళ్ళేవాడే ఎక్కువసార్లు వెళతాడు, ఎక్కువమందిని తాకుతాడు. కాబట్టి అతని గింజ ఎవరి డబ్బాలో ఉంటే వాళ్ళదే పెత్తనం. మల్లేశం పనిచేసే ఆస్పత్రి కంపెనీలో ఆ కూత లచ్చన్నది. లచ్చన్న ఇంటికి వెళ్ళిపోయాడు. మొదటి కూతవాడికి ఎండ పని చెప్పకూడదని ఫోర్‌మన్ నిసార్ అహ్మద్ పెట్టిన రివాజు ఒకటుంది. అందుకని లచ్చన్న స్టోరులో మల్లేశం పక్కన రెండో కుర్చీలో కూర్చునేవాడు. ఇప్పుడు కూతా ఖాళీ, కుర్చీ ఖాళీ.

వాటికి ఇద్దరు పోటీ. ఒకడు ఖమరుద్దీన్, కడప మనిషి, నీళ్ళ ట్యాంకర్ మీద హెల్పర్. ఉరికితే అరికాలు ఇసుకకు ఆనుతుందో లేదో తెలిసేది కాదు. రెండోవాడు భూమయ్య, జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాడు. మిక్సర్ దగ్గర సిమెంటు బస్తాలు కోసి పోసే పని అతనిది. ఖమరుద్దీన్‌కు పేరు కావాలి. భూమయ్యకు కుర్చీ కావాలి. వచ్చినప్పటి నుంచి సిమెంటు పీలుస్తున్నాడు. పొద్దున లేచి ఉమ్మితే బూడిద రంగులో పడుతోంది. ఇంకా అక్కడే ఉంటే తనలో ఊపిరి మిగలదని అతనికి తెలుసు. ఒంట్లో బాగాలేదని చెప్పి డ్యూటీ మార్చమంటే, మార్చేది డ్యూటీని కాదు మనిషిని అని కూడా తెలుసు. విమానం ఎక్కించి, ఇంకొకణ్ణి తెప్పించుకుంటారు. జబ్బు మాట నోటి వెంట రాకుండా మిక్సర్ దగ్గర నుంచి కదలాలంటే మొదటి కూత ఒక్కటే దారి.

గింజలు అడిగే రోజున మొదటి వంతు మల్లేశానిది.

"భూమయ్య," అన్నాడు, ఆలోచించకుండానే.

పక్కన కూర్చున్న గంగన్న క్యాంపు వంటవాడు, వరసకు మల్లేశానికి మేనమామ. "ఏం జూసి అడిగినవ్ అల్లుడా?" అన్నాడు.

"తొడలు జూసిన మామా. బస్తాలు లేపే తొడలు. ట్యాంకర్ మీద కూసొని తిరిగేటోనియి తొడలా?"

"కూసొని తిరిగేటోడన్న నయమే. కూసొని కూసునేటోని సంగతేంది?"

అందరూ నవ్వారు. మల్లేశం నవ్వలేదు. గంగన్న ఖమరుద్దీన్ గింజ తీసుకుని బొడ్లో దోపుకున్నాడు.

ఆనాటి నుంచి మల్లేశం రూములో గుడ్డు అన్నది భూమయ్య కంచంలోనే కనిపించింది. పొద్దుగూకితే కాళ్ళకు నూనె. నూనె మర్దన కూడా మల్లేశం తన చేత్తో చేయలేదు. రూములో ఉండే నిజాముద్దీన్ చేత చేయించి, తాను మంచం మీద నుంచి చెప్పాడు. "మోకాలి ఎనుక, మోకాలి ఎనుక! ఆడనే ఉంటది ఉరుకుడంత." భూమయ్య పక్కరూముకు పోయి కాసేపు మాట్లాడదామన్నా ఒప్పుకునేవాడు కాదు. "కాళ్ళు అరుగుతయ్ తమ్మీ, పండుకో."

దారిలో ఎదురైన ఖమరుద్దీన్ పళ్ళికిలించాడు. "క్యా భూమన్నా, నీకు అండే, తేల్ మాలిష్ అంట! హమ్‌కు ట్యాంకర్ పానీచ్."

"నన్నైతే గింజను చేసిండ్రు, నువ్వన్న మనిషిలెక్క తిరుగు పో," అన్నాడు భూమయ్య. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి కోపమేమీ లేదు. కోపమంతా గింజలు పెట్టుకున్నవాళ్ళదే.

ఒక సాయంత్రం ఫలజ్ కాలువ గట్టున మల్లేశం భూమయ్య చేత కూత పెట్టించాడు. తాను మాత్రం తోట గోడకు ఒరిగి కూర్చున్నాడు. "ఆ ఆఖరి ఖర్జూరపు చెట్టు ముట్టి మర్రి రావాలె. కూత తెగద్దు."

భూమయ్య చెట్టు దాకా బాగానే వెళ్ళాడు. తిరిగి వస్తూ సగం దారిలో గొంతు పట్టేసింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గాడు. దగ్గి దగ్గి ఉమ్మితే కాలువ నీళ్ళలో బూడిద తేలుకుంటూ పోయింది. మల్లేశం ఒరిగినవాడల్లా నిటారుగా అయ్యాడు.

"ఏందిది?"

"ఏం లేదన్నా. దుమ్ము."

"ఎన్నొద్దుల సంది?"

భూమయ్య గట్టు మీద కూలబడ్డాడు. "ఎవ్వలకు జెప్పకే మల్లన్నా, నీ కాల్మొక్త. ఒక్క కూత దక్కితే స్టోర్ల వడ్త. నీడకు వడితే గిది దానంతట అదే పోతది. సాబ్‌కు తెలిస్తే ఇంటికి తోలుతడు."

"నేనెందుకు జెప్త తమ్మీ? నువ్వు నా మొదటి గింజవు," అన్నాడు మల్లేశం. అనడం అంటున్నాడు గాని, అప్పటికే మనసులో గంగన్న బొడ్లో ఉన్న గింజను తడుముతున్నాడు.

మరునాడు వంటింట్లోకి వెళ్ళి, కోయకపోయినా ఒక ఉల్లిగడ్డ చేతిలోకి తీసుకుని, "మామా, మా రూముల నిజాముద్దీన్ ఒకటే లొల్లి. తన దోస్తు ఖమ్రు గింజ మా డబ్బాల ఉండాల్నట. ఏం జేద్దునే? నా భూమన్నను నీకిస్త, నీ ఖమ్రును నాకియ్యి," అన్నాడు.

"గుడ్లు వెట్టి సాదినవ్ గదా, ఇడుస్తవా?"

"నీ అసుంటి మామ కోసం ఇడువనా?"

గంగన్న గరిటె పక్కన పెట్టి లోపల లోపల మురిసిపోయాడు. ఎక్కడ మళ్ళీ మనసు మార్చుకుంటాడోనని రోడ్డు కంపెనీ గింజ ఇంకొకటి పైన వేసి మరీ ఇచ్చాడు. దగ్గు సంగతి అల్లుడు చెప్పలేదు, మామ అడగలేదు.

ఆ రోజు నుంచి భూమయ్య కంచంలో గుడ్డు మాయమయింది. "గిప్పుడు నువ్వు మామ గింజవు, మామనే అడుగు," అన్నాడు మల్లేశం. అక్కడితో ఆగినా సగం మనిషి అనిపించుకునేవాడు. కాని భూమయ్య ఎలాగో పళ్ళు బిగబట్టి గెలిస్తే తన కొత్త గింజ గతేమిటి? ఆ బెంగ అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఏ పనికీ కుర్చీ దిగని మనిషి ఈ పనికి దిగాడు. సైటులో టార్పాలిన్ కింద సులేమానీ టీ తాగుతున్న నిసార్ అహ్మద్ దగ్గరికి నడిచి వెళ్ళాడు.

"సాబ్, టీం మంచి కోసం ఒక మాట."

"బోల్."

"భూమయ్యకు దగ్గు సాబ్. దాసిపెడుతుండు. దమ్ము లేదు."

నిసార్ అహ్మద్ నొసలు ముడిపడింది. "మిక్సర్ దుమ్ముతోనా?"

ఆ ముడి చూసి మల్లేశం, కంపెనీ మీద నేరం మోపినట్టయిందేమోనని గాబరాపడి, వంగి మరీ సర్దాడు. "అయ్యో, మిక్సర్‌దేమున్నది సాబ్! ఆ దుమ్ము ముక్కుపొడుం లెక్క. ఎవ్వనికేం గాదు. వాని నెత్తురే పల్చన. సరైన మనిషైతే పదేండ్లు ఆడ నిలవడ్డ తుమ్మడు."

"సచ్?"

"నా మీద ఒట్టు సాబ్."

నిసార్ అహ్మద్ గ్లాసు దించి అతన్ని కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. నీడన పెరిగిన మెడ, ఎండ తగలని చేతులు. "బహుత్ అచ్ఛా," అన్నాడు. మల్లేశం దాన్ని మెప్పు అనుకుని రూముదాకా మోసుకుపోయాడు.

శుక్రవారం నమాజు అయ్యాక, పొద్దు వాలాక, వాగులో ఎంపిక. నిసార్ అహ్మద్ మడమతో ఇసుకలో గీత గీశాడు. అవతల ఏడుగురు. మొదట ఖమరుద్దీన్ వెళ్ళాడు. ఇద్దరిని తాకి, మూడోవాడి చేయి పడే లోపు గీత దాటి వచ్చాడు.

తర్వాత భూమయ్య. కూత గట్టిగా లేదు గాని ఆగకుండా సాగింది. నేరుగా వెనక వరస దాకా వెళ్ళి ఒకణ్ణి తాకాడు. తిరుగుతూ ఇంకొకణ్ణి. అడ్డం వచ్చిన మూడోవాణ్ణి భుజంతో గుద్దుకుని వచ్చాడు. గట్టు మీద మనుషులంతా లేచి నిలబడ్డారు. గీత ఇంకా కాస్త దూరం ఉందనగా గొంతులో కూత గరగరమంది. చేయి చాచాడు.

"కూత తెగింది!" అని గావుకేక వినిపించింది.

అరిచింది నిసార్ అహ్మద్ కాదు, మల్లేశం. భూమయ్య గీతకు అవతలే మోకాళ్ళ మీద పడి దగ్గుతున్నాడు. కూత తెగిన మాట నిజమే. కాని తెగడం కోసం చెవులు రిక్కించి కూర్చున్నవాడు ఒక్కడే.

గంగన్న నెమ్మదిగా అతని వైపు తిరిగాడు. "అందరికన్న ముందు నీకే ఇనవడ్డదా అల్లుడా? ఉల్లిగడ్డ వట్టుకొని వచ్చినప్పుడే అనుకోవాలె నేను."

"ఆట ఆటనే మామా," అని మల్లేశం డబ్బా గలగలలాడించాడు.

నిసార్ అహ్మద్ చేయెత్తాడు. "ఖమ్రూ, పహ్లీ కూత్ తేరీ. రేపటి సంది స్టోర్." మల్లేశం చప్పట్లు కొట్టాడు. "భూమయ్యా, నువ్వు భీ స్టోర్." చప్పట్లు ఆగాయి.

భూమయ్య దగ్గు మధ్యలో తలెత్తాడు. విన్నది నిజమో కాదో అతనికి తెలియలేదు.

"స్టోర్ల రెండే కుర్సీలు సాబ్," అన్నాడు మల్లేశం.

"మాలూం."

"మరి నేను?"

"మిక్సర్." నిసార్ అహ్మద్ చేతులకంటిన ఇసుక దులుపుకున్నాడు. "సోమవారం స్లాబ్ ఉంది. నడిమిట్ల దగ్గుకుంట కూలేటోడు నాకు వద్దు, నక్కో. పది సాల్ తుమ్మనోడు హోనా. ముక్కుపొడుం అంటివి గదా, జావ్, పీల్చుకో."

ఇది దయ అని ఎవరూ అనుకోలేదు. అతనికి కావలసింది స్లాబు. భూమయ్యను ఇంటికి పంపితే కొత్త మనిషి రావడానికి నెలలు పడుతుంది. మల్లేశం మాత్రం చేతికందే దూరంలో, ఒట్టు పెట్టి మరీ సిద్ధంగా ఉన్నాడు. మల్లేశం నోరు తెరిచాడు. దుమ్ముతో మనిషి పాడైపోతాడని ఇప్పుడు చెప్పాలి. చెప్తే తన ఒట్టు అబద్ధమవుతుంది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. క్యాంపులో అతను మాట మింగడం అదే మొదటిసారి.

సీజను మొదటి శుక్రవారం ఖమరుద్దీన్ చెలరేగిపోయాడు. చెక్క మీద అతని గింజ అందరికంటే ముందు నిలిచింది. ఆ సంగతి చెప్పడానికి రూములోకి వచ్చినవాళ్ళకు మల్లేశం మంచం మీద వెల్లకిలా కనిపించాడు. కనురెప్పల వెంట్రుకలు బూడిద రంగు. వాగుకు నడిచే ఓపిక లేక ఆట చూడనేలేదు.

"నీ గింజనే ముందున్నది మల్లన్నా!"

మల్లేశం మోచేతి మీద లేచి, "నేనప్పుడే జెప్పలేదా, వాని పిక్కలు..." అని అందుకున్నాడు. అంతలో దగ్గు వచ్చింది. పిక్కల సంగతి చెప్పనివ్వలేదు.

గుమ్మంలో నిలబడ్డ గంగన్న తల ఊపాడు. "దుమ్ము గాదు అల్లుడా, దుమ్ముతోని ఎవ్వనికేం గాదు. నెత్తురు పల్చనైనట్టున్నది."

శనివారం పొద్దున స్టోరు కిటికీ ముందు వరస. భూమయ్య ఒక్కొక్కరికీ పారలు అందించాడు. దగ్గు పోలేదు గాని, రెండు దగ్గుల మధ్య ఇప్పుడు ఊపిరి పట్టేంత చోటుంది. మల్లేశం వంతు రాగానే భూమయ్య లోపలికి వెళ్ళి, పిడికి గుడ్డపేలిక చుట్టిన పాత పార ఒకటి తెచ్చి కిటికీలో పెట్టాడు.

"మిక్సర్ కాడ నాదే గిది. పిడి నున్నగైంది, చేతులకు బొబ్బలు రావు," అన్నాడు.

మల్లేశం పార తీసుకుని రెండడుగులు వేశాడో లేదో వెనక నుంచి మళ్ళీ పిలుపు.

"మల్లన్నా, మాపటికి కడిగి తేవాలె. కడగకపోతే తీసుకోను."