మూడున్నర గంటల తేడా

"ఈ పెట్టె ఎవరి కొంప ముంచుతుందో ఏమో!"

పుట్టాక నేను విన్న మొదటి మాట అదే. నేను ఒక టేపు రికార్డర్ని. చూడ్డానికి చిన్న ట్రంకుపెట్టెలా ఉంటాను. పైన రెండు చక్రాలు, ముందు నాలుగు మీటలు. ఎక్కడో ఊరవతల ఒకరింట్లో ఫోనెత్తితే చాలు, నా చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. ఓ చలిదేశపు ఫ్యాక్టరీలో ఇద్దరు బిడ్డల తల్లి నన్ను తీగ తీగా అతికించింది. చివరి తీగ అతుకుతూ ఆ మాట పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది. ఆవిడ గుండెదడే నాకు అంటుకున్నట్టుంది. అప్పట్నుంచీ నాది కంగారు బతుకే.

నన్ను చేసిన దేశంవాళ్లు చాలా నీతిమంతులు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల ప్రభుత్వం మిగతావాళ్లని మనుషుల్లా చూడటం లేదని రోజూ రేడియోలో దుమ్మెత్తిపోసేవారు. ఆ ప్రభుత్వానికి గుండుసూది కూడా అమ్మబోమని అందరి ముందూ ఒట్టేశారు. ఒట్టేసిన వారానికే నన్ను చెక్కపెట్టెలో పెట్టి, పైన 'పాలడెయిరీ సామాను' అని రాసి, డర్బన్ ఓడ ఎక్కించారు. పైసా తీసుకోలేదు. నేను విన్న ప్రతి మాటకీ ఒక నకలు ఇస్తే చాలన్నారు. ఆ దేశంలోకి రష్యావాళ్లు వచ్చేస్తారేమోనని వాళ్ల భయమట. భయపడేవాళ్లని తప్పుపట్టే మొహం నాకెక్కడిది?

అలా డర్బన్లో ఓ తివాసీల కొట్టు మీద మేడగదిలో నన్ను పెట్టారు. గూఢచారి పోలీసుల ఆఫీసు అది. దాని పెద్ద కోబస్. గొంతెత్తి అరిచే మనిషి కాదు, బల్లమీద కుక్కపిల్ల ఫొటో ఉంచుకునేవాడు. అందుకే నాకు అతనంటే మరీ భయం. శనివారం వస్తే నా టేపుకి నకలు తీసి దౌత్యవేత్తల సంచీలో వేసేవారు. ఆ సంచీని దారిలో ఎవరూ విప్పకూడదట.

నాకు కట్టిన ఫోను సూరమ్మది. చెరుకు కొట్టడానికి విశాఖ నుంచి ఓడెక్కొచ్చిన కూలీల మనవరాలు. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు, ధనం. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తూ అక్కడి కూలీల సంఘంలో తిరిగేది. రోజుకి మూడుసార్లు ఫ్యాక్టరీకి ఫోను చేసేది సూరమ్మ.

"గొంతేంటే అలా ఉంది? జొరమా?"

"లేదమ్మా. మిషన్ల రొద."

"నాకు చెప్పకుండా దాస్తున్నావు. కాయితాలు గాని పంచుతున్నావా?"

"అమ్మా, ఫోన్లో ఏంటా మాటలు!"

"అయ్యో, నా నోరు పడిపోనూ!"

ఆ తల్లిది ఉత్త కంగారు కాదు. ధనంతో తిరిగే కుర్రాణ్ణి అంతకుముందు నెలలోనే పోలీసులు పట్టుకెళ్లారు. తొమ్మిదో రోజున శవపేటికలో ఇంటికొచ్చాడు. మెట్ల మీంచి జారిపడ్డాడని కాగితం రాసిచ్చారు. తర్వాత వంతు ధనానిదే అని నాకు తెలుసు. కోబస్ నా పక్కనే అన్నాడు కదా.

వాళ్ల తెలుగు కోబస్‌కి అర్థం కాదు. అందుకని సింహాద్రి మాస్టార్ని తెచ్చి కూర్చోబెట్టాడు. సాయంత్రాలు తెలుగు పిల్లలకి అక్షరాలు దిద్దించే మనిషి. ధనం చేత కూడా ఆయనే దిద్దించాడు. కాదంటే పగటి బడిలో ఉద్యోగం ఊడుతుందన్నారు. చెవులకి గొట్టాలు తగిలించుకుని, విన్నది ఇంగ్లీషులో రాసిచ్చి, తలొంచుకుని వెళ్లిపోయేవాడు.

ఓ శుక్రవారం సాయంత్రం సూరమ్మ తన మరిది అప్పన్నకి ఫోను చేసింది.

"అప్పన్నా, పంచాంగం దగ్గరుందా?"

"ఎందుకొదినా?"

"మిరపనారు నాటాలి."

"మిరపనారుకి ముహూర్తమేంటొదినా! రేపు వంకాయలక్కూడా అడుగుతావా?"

"ఎటకారం ఆపి చెప్పు. గురువారం ఉత్తరం వైపు... శూల లేదు కదా?"

అప్పన్న నవ్వు ఆగిపోయింది. మిరపనారుకి దిక్కులేంటి? ఉత్తరాన ఉన్నది సరిహద్దు.

"గురువారం ఉత్తరానికి శూల లేదు," అన్నాడు మెల్లిగా. "పదిన్నరకి మంచి ఘడియ. మామూలే, తీసేసుకో."

"తీసేసుకుంటాలే."

ఈ తీసేసుకోవడం గురించి చెప్పాలి. ఆ పంచాంగం రాజమండ్రి నుంచి ఓడలో వచ్చేది. అందులో ఉండేవి ఇండియా గంటలు. అక్కడ పదిన్నరంటే డర్బన్లో ఏడు. మూడున్నర గంటలు తీసేయాలి. మూడు తరాలుగా తీసేసి తీసేసి, ఎంత తీసేయాలో కూడా చెప్పుకోవడం మానేశారు అక్కడి తెలుగువాళ్లు.

ఫోనంటే వణికే మనిషి, అయినా ముహూర్తం చూడకుండా కూతుర్ని గడప దాటించలేకపోయింది. అంత కంగారులోనూ దిక్కు అడిగేసింది. నా చక్రాలు ఆపుకుందామంటే నా చేతిలో ఏముంది?

సింహాద్రి మాస్టారు ఆ టేపు రెండుసార్లు విన్నాడు. 'మిరపనారు సంగతి, ముఖ్యమైనది కాదు' అని రాసిచ్చాడు. కోబస్ ఆవలించి పక్కన పడేశాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే శనివారం వచ్చింది, నకలు సంచీలో పడి పోయింది. అటువైపు తెలుగు వచ్చినవాడెవడూ ఉండకూడదని నేను మొక్కని దేవుడు లేడు.

ఉన్నాడు. ఎక్కడో పెద్ద చదువులు చదివి తెలుగు నేర్చుకున్న పండితుడు. బుధవారం మధ్యాహ్నం తంతి వచ్చింది. 'నారు కాదు, ప్రయాణం. గురువారం, ఉత్తరం, పదిన్నర.'

కోబస్ మాస్టార్ని పిలిపించి, నా మీట నొక్కి, మైకు ఆయన ముందు పెట్టాడు.

"మాస్టారూ, ఇందులో మిరపకాయలు కనబడటం లేదే?"

"నేను... సరిగా వినలేదు సార్."

"అమ్మాయి పారిపోతోంది. అవునా?"

"అవును సార్."

"పదిన్నరకేనా? బాగా ఆలోచించు. నీకూ మెట్లున్నాయి."

"పదిన్నరకే, సార్." ఆయన క్షణం కూడా ఆగకుండా అనేశాడు.

భయంతో తీసివేత మర్చిపోయాడా? కావాలనే అన్నాడా? ఎంత విన్నా నాకు అంతుపట్టలేదు.

గురువారం పదింటికి కోబస్ మనుషులు సూరమ్మ ఇంటి వీధి మొగలో కాపు కాశారు. అమ్మాయి ఎవరి కారెక్కుతుందో చూసి, అందర్నీ కలిపి పట్టుకోవాలని. ఒంటిగంటకి విసిగిపోయి లోపలికెళితే, సూరమ్మ పెరట్లో నిజంగానే మిరపనారు నాటుతోందట. ధనం వెళ్లి అప్పటికి ఆరు గంటలు. తిరిగొచ్చి వాళ్లు తిట్టుకుంటుంటే, వినడానికి పుట్టినందుకు మొదటిసారి సంతోషించాను. తర్వాత నెల్లాళ్లపాటు రెండు ప్రభుత్వాలూ నీ తప్పంటే నీ తప్పని ఎంతో మర్యాదగా ఉత్తరాలు రాసుకున్నాయి.

కానీ మాస్టారు మేడగదికి వెళ్తాడనీ, ధనం ప్రయాణం సంగతి ఒప్పుకుంది ఆయనేననీ ఎలాగో బయటికి పొక్కింది. సాయంత్రం బడికి పిల్లలు రావడం మానేశారు. పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. ఆయన ఎదురొస్తే సూరమ్మ రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేది.

చాలా ఏళ్లకి ఆ ప్రభుత్వం కూలింది. కాగితాలన్నీ తగలబెట్టారు. నేను బరువని, నాలో ఉన్న టేపుతో సహా నేలమాళిగలో వదిలేశారు. ఇప్పుడు మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. బయటున్న మీట నొక్కితే ఆ బుధవారం మాటలు వినిపిస్తాయి, పక్కనే వాటిని తెలుగులో, ఇంగ్లీషులో రాసిపెట్టారు.

ఓ ఆదివారం సూరమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ధనం. జుట్టు సగం నెరిసింది పిల్లకి. సూరమ్మ నన్ను చూసి వెనక్కి జరిగింది.

"మెల్లిగా మాట్లాడవే. ఇంకా వింటుందేమో."

ధనం నవ్వి మీట నొక్కింది. "పదిన్నరకే, సార్." సూరమ్మ మళ్లీ వేయించుకుంది. మళ్లీ. నాలుగోసారికి వేళ్లు మడుస్తూ గంటలు లెక్కేసుకుంది.

మరుసటి ఆదివారం ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి పక్కన సింహాద్రి మాస్టారు, కర్ర పట్టుకుని. ఆవిడే ఆయన ఇంటికెళ్లి తీసుకొచ్చిందని మాటల్లో తెలిసింది. బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు.

"మాస్టారూ, తీసేయాలని మీకు తెలీదా?"

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి నా వైపే చూస్తున్నాడు. బడిపిల్లల గుంపొకటి వచ్చి, నన్ను చూసి, వెళ్లిపోయింది. కాపలావాడు కిటికీలు మూయడం మొదలుపెట్టాడు. సూరమ్మ కదల్లేదు. మీట ఎవరూ నొక్కకపోయినా నా చక్రాలు వాటంతటవే తిరుగుతాయేమోనని భయమేసింది నాకు.

చివరికి ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా ఇంటికీ ఆ పంచాంగమే వచ్చేది అక్కా."