వీపు తిప్పిన చోట మాటలు

నన్నడిగితే డైరెక్టర్లలో మెర్సరే నయం. ఆయన సినిమాల్లో మనుషులు మన ముఖంలోకి చూసి గడగడా మాట్లాడతారు. ఒకరి మాట పూర్తయ్యేలోపే కెమెరా ఇంకొకరి ముఖం మీదికి దూకుతుంది. పెదాలు కలిసిన ప్రతిచోటా ప, బ, మలలో ఏదో ఒకటి పడేటట్టు తెలుగు రాయాలి కాబట్టి నాబోటి డబ్బింగ్ రచయితకు అది నరకమే. అయినా నాకు ఆ నరకమే ఇష్టం. ఎడిత్ హాలన్ సినిమాలు అలా కాదు. ఆవిడ కెమెరాను ఒక మూల పెట్టి దాని సంగతే మరిచిపోతుంది. ఆవిడ మనుషులు మనకు వీపు తిప్పి గిన్నెలు తోముకుంటారు, బట్టలు మడతపెట్టుకుంటారు. మాట్లాడరు. మాట్లాడని మనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళంతా చిరాకు.

అమెరికాలో ఇద్దరికీ గొప్ప పేరే. ఇద్దరి సినిమాలూ ఒకే వారం కార్ఖానా ఏరియాలో ఉన్న మా స్టూడియోకి వచ్చాయి. స్టూడియో అంటే మరీ ఊహించుకోకండి, టైర్ల షాపు మీద రెండు గదులు. ఓనరూ, రికార్డింగ్ చేసేవాడూ హరికిషన్ అన్నే.

"రెండిట్ల ఒకటి హజీరాకు ఇస్తా," అన్నాడాయన. "ఏది ఇయ్యాల్నో నువ్వే చూసి చెప్పు. గొంతు పనిచేస్తే మంచిదే. లేకుంటే కొత్తగ డబ్బింగ్ చెప్తున్న పిల్ల, తమన్నాను పిలుస్త. మళ్ల నన్ను అనొద్దు."

హజీరా నా స్నేహితురాలు. మారేడ్‌పల్లిలో ఉంటుంది. మా దగ్గర హీరోయిన్లందరికీ చాలాకాలం ఆమే గొంతు. చలికాలంలో గొంతులో గడ్డ తీశారు. నెలరోజులు నోరు మెదపొద్దన్నారు. ఇప్పుడు కొద్దికొద్దిగా మాట్లాడవచ్చన్నారు. ఆపరేషన్ తర్వాత ఇదే మొదటి పని. ఇది చేయలేకపోతే, హజీరా గొంతు పోయిందట అన్న మాట సాయంత్రానికల్లా స్టూడియోలన్నీ తిరిగివస్తుంది. ఇంక ఎవరూ పిలవరు. అందుకే ఆ వారం నాకు అన్నం సహించలేదు.

రెండు సినిమాలూ ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. మెర్సర్ హీరోయిన్ ఊపిరాడకుండా మాట్లాడుతుంది. హాలన్ హీరోయిన్‌కు మాటలు తక్కువ, ముఖం కనబడేదీ తక్కువే. ఇంక ఆలోచించేదేముంది? హజీరాకు హాలన్ అన్నాను.

రాయడానికి కూర్చున్నాక నా బుద్ధి ఊరుకోలేదు. సినిమా మధ్యలో పొడుగాటి సీన్ ఒకటుంది. మొగుడు ఇల్లు విడిచి వెళ్ళిపోతున్నాడు. పెళ్ళాం మనకు వీపు తిప్పి గిన్నెలు తోముతూనే ఉంటుంది. చిట్టచివర ఒక్క మాట అంటుంది, తలుపు దగ్గరికి వేసి వెళ్ళమని. అంతే. మా పనిలో ఒక అలవాటుంది. పెదాలు కనబడని చోటు దొరికిందంటే అక్కడ మాటలు నింపుతాం. ఎవరూ అడగరు, ఎవరూ పట్టుకోలేరు. పైగా హజీరా నాలుగు మాటలైనా మాట్లాడకపోతే తిరిగి వచ్చిందని ఎవరికి తెలుస్తుంది? అందుకని ఆ వీపు మీద నిండా రాసేశాను. పెళ్ళిచూపులు, అత్తగారి దెప్పిపొడుపులు, మాడిన అన్నం, అన్నీ. చదువుకుంటే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి.

రికార్డింగ్ రోజు మధ్యాహ్నం. చప్పుడు మైకులోకి వస్తుందని ఏసీ కట్టేశారు. అద్దం అవతల హజీరా, ఇవతల హరికిషన్ అన్న, ఆయన వెనకాల కుదురుగా కూర్చోలేక నేను. మొదటి టేక్ మాడిన అన్నం దాకా వచ్చి తెగిపోయింది. రెండోది అంతకన్నా ముందే. మూడోసారికి దగ్గు.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. మెర్సర్ సీనైతే ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ముఖం మారినప్పుడల్లా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకోవచ్చు. హాలన్ కెమెరా తెగదు. గొంతు కూడా తెగకుండా సాగాలి, అతికితే తెలిసిపోతుంది. ఆ సీనులో నోరు మూసుకుని ఉంటే సరిపోయే హజీరా నెత్తిన నేనే చేతులారా అంత బరువు పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

హరికిషన్ అన్న ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నేను మైకు బటన్ నొక్కాను. "హజీరా, నీళ్ళు తాగు. మెడ జెర పైకెత్తు. అత్తగారి లైనుకు ముందు ఊపిరి పట్టు. ఇంకోటి చేద్దామా? చేద్దాం తియ్యి, బాగనే ఉన్నవ్."

హజీరా హెడ్‌ఫోన్స్ తీసి, తలుపు తోసుకుని బయటికొచ్చింది.

"అసలు సినిమాల ఆమె ఇక్కడ ఏమంటది?"

"ఏమనది."

"మరి నేనెందుకు అనాలె?"

"వీపే కదా కనిపిస్తున్నది. ఖాళీగ ఎట్ల ఇడిచిపెడ్తం? నీ గొంతు నలుగురు వినాలని..."

ఆమె చెయ్యెత్తింది. నేను ఆగాను.

"అనూ, డాక్టర్లు నన్ను మాట్లాడొద్దన్నప్పుడు నువ్వు నా తరఫున మాట్లాడినవ్. ఆ మేలు మర్వను. ఇప్పుడు మాట్లాడొచ్చన్నరు. నువ్వు సుత ఆపాలె కదా. మొన్న నొప్పి ఉందా అని డాక్టర్ నన్నడిగితే, లేదని నువ్వు చెప్పినవ్." గొంతు సవరించుకుంది. "ఉండె నాకు."

ముందు కోపం వచ్చింది. ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. ఆ తర్వాత డాక్టర్ ముందు నేను ఎంత గబగబా జవాబు చెప్పానో గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. కాగితాలు తీసుకుని ఆ సీనంతా కొట్టేశాను. చివరి మాట ఒక్కటే ఉంచాను.

"దిమాగ్ ఖరాబైందా?" అన్నాడు హరికిషన్ అన్న. "అంతసేపు ఎవ్వరు మాట్లాడకుంటే చూసేటోళ్ళు ఉంటరా?"

"రాసింది నేనే, తీసేసింది నేనే. ఒక్కసారి గిట్ల తియ్యన్నా. నచ్చకుంటే తమన్నాను పిలువు."

ఎర్రలైటు వెలిగింది. తెర మీద నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు. హజీరా మైకు ముందు నిలబడి ఊపిరి తీసుకుంటూ ఉంది, అంతే. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పెళ్ళిచూపుల చోటు వచ్చింది, పోయింది. మాడిన అన్నం చోటు వచ్చింది. అక్కడ మొగుడి బూట్ల చప్పుడు వినబడింది, తెర మీద పెళ్ళాం భుజం ఒక్క క్షణం కదలకుండా ఆగింది. అన్నిసార్లు చూసిన నేను దాన్ని చూడనే లేదు. నా మాటలు దాన్ని కప్పేశాయి.

"తలుపు దగ్గరికేసి పో," అంది హజీరా. బొంగురు గొంతు. పాత హజీరా గొంతు కాదు. ఇంక ఆ గొంతు రాదని నాకు అప్పుడే అర్థమైంది, దుఃఖం వచ్చింది. ఈ గొంతూ గొంతేనని కూడా అర్థమైంది.

హరికిషన్ అన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. "తర్వాతి సీన్ పెడ్తున్న, నీళ్ళు తాగమ్మా," అన్నాడు. తమన్నా ఊసు మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం రోడ్డు మీది ఇరానీ హోటల్లో కూర్చున్నాం. నెలల తరబడి పని నుంచో డాక్టర్ దగ్గర్నుంచో వస్తూ కూర్చునే బల్లే. సర్వర్ వచ్చి అలవాటుగా నా వైపు చూశాడు. నోరు తెరిచాను. మూసుకున్నాను. అతను భుజం మీది గుడ్డ సర్దుకుంటూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ హజీరా మాట్లాడదు, నా కాలు బల్ల కింద ఊగిపోతోంది.

"ఒక చాయ్," అంది చివరికి. "నాకు ఉత్త వేడినీళ్ళు."

సర్వర్ వెళ్ళాక ఆమె వైపు చూశాను.

"చాయ్ దిగుతలేదు అనూ. ఆపరేషన్ అయిన కాడి నుంచి మండుతున్నది."

ఇన్ని రోజులూ ఈ బల్ల దగ్గరే నేను తెప్పించిన ప్రతి చాయ్ తాగింది. మరెందుకు తాగినవ్ అని అడగబోయాను. ఆమె ఇంకా ఏదో చెప్పేటట్టుంది. ఆగాను.