బొంతను ఎవరూ దువ్వరు

అయినా, తప్పులో నా వాటా కూడా ఉందనే అనుకుంటాను. నేను ఒక పేల దువ్వెనను. మామూలు కర్ర, రెండు వైపులా సన్నటి పళ్లు. ఎక్కడ పెడితే అక్కడే వెతుకుతాను. పక్కన ఏముందో అడగను.

నన్ను చెక్కినవాడు ఒక్కో పన్నుకీ ఊపిరి బిగబట్టాడు. తిరునాళ్లలో నన్ను కొన్న మాణిక్యమ్మ తన ఇద్దరు కూతుళ్ల తలలూ మోకాళ్ల మధ్య ఇరికించుకొని దువ్వేది. వాళ్ల ఏడుపు విని విని, ప్రేమంటే అదే కాబోలనుకున్నాను. మనుషులు కూడా చాలామంది అలాగే నేర్చుకుంటారు.

మాణిక్యమ్మ పోయి రెండేళ్లయింది. రాజమండ్రిలోని ఆ ఇంట్లో ఇప్పుడు అక్క హైమావతి, చెల్లెలు వారిజ, మిరియం అనే నల్ల కుక్క ఉంటున్నారు. ఎండాకాలంలో మిరియం గోక్కోవడం మొదలుపెట్టింది. నాలుగు రోజులకు హైమావతి పాదాల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి.

"వచ్చే ఆదివారం దాకా చూస్తానే. తగ్గకపోతే దీన్ని ఏ తోటలోనో కాపలాకి ఇచ్చెయ్యి."

"పేలు పడితే గెంటేస్తారా అక్కా? నీ తలలో పడ్డప్పుడు అమ్మ నిన్ను గెంటేసిందా?"

"నా పేలు గెంతలేదే."

ఆ ఒక్క మాట పట్టుకొని ఉంటే సరిపోయేది. తలలో ఉండేవీ పేలే, కుక్క మీదవీ పేలే. పేరు ఒకటే కాబట్టి వారిజ వైద్యం కూడా ఒకటే చేసింది. మిరియం మెడ వెనక మందు వేసింది, రోజూ దువ్వి నన్ను సబ్బు నీళ్లలో ముంచింది. మర్నాటికి మళ్లీ కొత్తవి గెంతేవి.

శనివారం పశువుల డాక్టరు వచ్చాడు. నా పళ్ల మధ్యనున్న నల్లటి నలుసుల్ని తడి దూది మీద రాల్చాడు. అవి ఎర్రగా కరిగాయి.

"ఇది ఈ పురుగులు తాగి విసర్జించిన రక్తం అమ్మా, ఇవి తల పేల జాతి కాదు. తల పేలైతే ఈపి వెంట్రుకకి అంటుకుంటుంది. వీటి గుడ్లు కుక్క పడుకున్న చోట రాలిపోతాయి. ఎక్కడ పడుకుంటుంది?"

వారిజ వంగి మిరియం చెవులు నిమిరింది.

"మా అమ్మ బొంత మీదండీ," అంది హైమావతి. "మా చెల్లెలు రెండేళ్లుగా ఉతకనివ్వదు."

"దాన్ని వేడి నీళ్లలో ఉతక్కపోతే ఏ మందు వేసినా దండగమ్మా."

మాణిక్యమ్మ పాత చీరలతో కుట్టుకున్న బొంత అది. మిరియాన్ని నిద్రపుచ్చుతున్నట్టు నటిస్తూ వారిజ దాని అంచును ముక్కుకు ఆనించుకునేది. కుక్క ఒళ్లంతా వెతికిన మనిషి అక్కడ మాత్రం వెతకలేదు. ఏదో దొరుకుతుందని కాదు ఆమె భయం, ఉతికాక ఏమీ మిగలదని. ఇదంతా నాకు ముందే తెలుసు. దువ్వెనకు తెలిసి ఎవరికి లాభం?

ఆదివారం పొద్దున్నే హైమావతి చాపలు ఎండలో వేసింది, మూలమూలలా ఊడ్చింది. తరవాత కుక్క గొలుసు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

వారిజ బొంతను ఒళ్లో పెట్టుకొని చాలాసేపు కూర్చుంది. చివరికి నన్ను తీసి, దాని అంచు మీద ఒక్కసారి దువ్వింది. నాలుగు దారప్పోగులు, నల్ల నలుసులు, పొడవాటి నెరిసిన వెంట్రుక ఒకటి వచ్చాయి. నలుసులు దులిపింది. వెంట్రుకను నా పళ్లలోనే ఉంచి నన్ను గూట్లో పెట్టింది.

తరవాత పొగలు కక్కుతున్న బకెట్లోకి బొంతను దించింది.